గౌరమ్మకు మూరెడు గట్టు

1998 వానాకాలం మొదట్లో నన్ను హైదరాబాద్ పడమటి శివార్లలోని ఒక మండలానికి వ్యవసాయాధికారిగా వేశారు. మండల వ్యవసాయాధికారి అంటే పైన సహాయ సంచాలకుడు, కింద ఇద్దరు ముగ్గురు విస్తరణాధికారులు, నడుమ మనం. పైనుంచి వచ్చిన సిఫార్సులు రైతుకు చేర్చాలి, రైతు పెట్టిన తిట్లు పైకి చేరకుండా చూడాలి. హైటెక్ సిటీ పక్కన వ్యవసాయం ఎక్కడిదయ్యా అని స్నేహితులు నవ్వారు. అప్పటికింకా ఉంది. బోరబండలో కిరాయికి ఉంటూ పొద్దున్నే స్కూటర్ మణికొండ వైపు తిప్పితే దారి పొడవునా కూరదోస, గుమ్మడి, టమాటా చేలే. వాటి వెనక అద్దాల మేడలు లేస్తూ ఉండేవి.

నేను కృష్ణా జిల్లా వాణ్ణి. మాట చివర 'అండి' రాకపోతే నాకు వాక్యం పూర్తయినట్టుండదు. సారు మాట్లాడితే పెండ్లిచూపులకు వచ్చినట్టుంటది అని రైతులు నా ముందే అనుకుని నవ్వేవారు.

ఆషాఢం చివర యాదమ్మ అనే రైతు మా ఆఫీసుకు వచ్చింది. నడివయసు మనిషి. కొంగులోంచి ఒక కూరదోసకాయ తీసి నా బల్ల మీద పెట్టింది. ఒక పక్క ఉబ్బి, మరో పక్క ఎండిపోయి, కాయ వంకర తిరిగి ఉంది. గుమ్మడి పిందెలైతే వేలెడు కాకముందే పండుబారి రాలిపోతున్నాయట. ఆ అద్దాల మేడ తళుకు పొలం మీద పడుతోందని, దాని దిష్టే ఇదని ఆమె నమ్మకం.

దిష్టి సంగతి ఎలా ఉన్నా, ఆమె కష్టం మాత్రం నిజమైనది. భర్త ఆ మేడల్లోనే ఒకదానికి వాచ్‌మన్. ఈ పంట కూడా పోతే దసరాకు పొలం అమ్మేద్దామని తేల్చేశాడు. పక్క చేను మరిది వాటా. ఆటో నడిపే ఆ మరిదీ అమ్మకానికి సిద్ధమే. కొనేవాళ్లకు రెండు చేలూ ఒకే ముక్కగా కావాలి. వద్దంటున్నది యాదమ్మ ఒక్కతే.

"పొలం అమ్మినంక నేనేం జెయ్యాలె సారూ? గా మేడల వాకిలి ఊడ్వాల్నా?" అంది. రేపే పొలానికి వచ్చి చూస్తానండి అన్నాను.

మర్నాడు పొలానికి వెళ్లాను. రెండు చేల మధ్య గట్టు చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకప్పుడు దాని మీద ఎద్దు నడిచేదట. ఏటా దున్నేటప్పుడు ఇటు నుంచి యాదమ్మ, అటు నుంచి ఆమె తోటికోడలు బాలమణి పారతో కొంచెం కొంచెం చెక్కుకుంటూ వచ్చారు. భూమిని ఎకరాల్లో చెప్పుకున్నన్నాళ్లూ ఈ చెక్కుడు సరదాగానే సాగింది. గజాల్లో చెప్పుకోవడం మొదలయ్యాక పంతమైంది. చివరకు ఆ గట్టు మీద కాకి వాలాలన్నా ఒంటికాలి మీద నిలబడాలి. గడ్డిపోచ కూడా లేకుండా ఇద్దరూ నున్నగా గీకి పెట్టారు. గట్టు చూస్తే రైతు తెలుస్తాడని వాళ్ల సామెత మరి.

తోటికోడళ్లను అక్కడ యారాళ్లు అంటారు. ఈ యారాళ్లకు రెండేళ్లుగా మాటల్లేవు. గట్టుకు చెరో పక్క, బెత్తెడు దూరంలో నిలబడి, ఇద్దరూ నాతోనే మాట్లాడేవారు.

"సారూ, గా మనిషికి చెప్పుండ్రి, పార జర అవుతల పెట్టుమని."

"సారూ, ఆమెకే చెప్పుండ్రి, ముందుగాల ఎవలు చెక్కిన్రో యాది చేస్కొమ్మని."

నేను ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి 'అలాగేనండి' అనేవాణ్ణి. మెడ నొప్పి పట్టింది.

రోగ నిర్ధారణకు మా శాఖలో ఒక పద్ధతి ఉంది. గుమ్మడి పూలు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. అడుగున బుల్లి పిందె ఉన్నది ఆడపువ్వు. లేనిది మగపువ్వు. మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, లోపలి పుప్పొడిని ఆడపువ్వు నడిమి బొడిపెకు అద్దాలి. గుర్తుకు దారం కట్టాలి. అద్దినవి నిలిచి, తక్కినవి రాలితే లోపం ఎరువులో, విత్తనంలో లేదు, పుప్పొడి మోసేవాళ్లు లేరని అర్థం. యాదమ్మ చేలో కొన్ని పూలకు అలా అద్ది ఎర్ర దారం కట్టి వచ్చాను.

వారం తిరక్కుండానే బాలమణి మా ఆఫీసు గడప ఎక్కింది. యారాలి పొలంలో నేను మంత్రం వేసి దారాలు కట్టానని, దారం ఉన్న పిందెలే ఊరుతున్నాయని, తనకెందుకు కట్టలేదని నిలదీసింది. "సర్కారు ఉద్యోగం చేస్కుంట గింత పక్షపాతమేంది సారూ?" ప్రయోగం ఫలించిందని నాకు తెలిసింది ఆమె ఫిర్యాదు వల్లనే. ఆమె చేలో కూడా అద్ది, దారాలు కట్టాను. మంత్రం లేదని ఎంత చెప్పినా ఆమె పూర్తిగా నమ్మినట్టు లేదు.

మోసేవాళ్లు ఎందుకు లేరో కళ్లెదుటే ఉంది. గుట్టల మీది బండలకు పెద్ద పట్టులు పట్టే తేనెటీగలు, మేడల కోసం ఆ బండలు పేల్చడంతో వెళ్లిపోయాయి. పొదల్లో ఉండే చిన్నవాటికి గట్టున పొద లేదు, పువ్వు లేదు. మిగిలిన నాలుగింటినీ పురుగుమందు చంపుతోంది. యాదమ్మ భర్త డ్యూటీకి వెళ్లే ముందు, తెల్లవారుజామునే మందు కొట్టేవాడు. సరిగ్గా పువ్వు విచ్చి ఈగ వాలే వేళ అది. గట్టు తగాదా రెవెన్యూ వాళ్లది, పంట మా శాఖది, మందు దుకాణంవాడిది. తేనెటీగ మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు.

మందు సంగతి తేలిగ్గానే తెగింది. అవసరమైతేనే, అదీ పొద్దుగూకాక, పూలు ముడుచుకున్న తరవాత కొట్టాలి. చిక్కంతా గట్టు దగ్గరే. చెరో మూరెడు వదిలి, దాని మీద మొలిచినదాన్ని మొలవనివ్వమన్నాను. మూరెడు జాగ ఆమెకు ఇడువుమంటరా అని ఇద్దరూ ఒకేసారి నన్నే అడిగారు. పైగా గట్టు మీద గడ్డి ఉంటే చూసినవాళ్లు సోమరిదంటారని యాదమ్మకు పరేషాన్.

అలసిపోయి గట్టు పక్కనే కూలబడ్డాను. ఊరుకోలేక యాదమ్మ వేరే గోడు ఎత్తుకుంది. పోయినేడు బతుకమ్మ పండుగకు గునుగు పూలు బోరబండ పోయి కొనాల్సి వచ్చిందట. చుట్టుపక్కల ఎక్కడా అది మొలిచే గట్లు మిగల్లేదు.

"గునుగు కొనుడేంది సారూ, సిగ్గుచేటు!"

అటు పక్క నుంచి, తల ఎత్తకుండానే, బాలమణి నాతో అంది: "నేను గూడ కొన్న సారూ."

రెండేళ్లలో వాళ్లిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అది. మా పాఠాల్లో గునుగు కలుపు మొక్క. కానీ అది పూస్తే తేనెటీగలు వదలవు. తంగేడును మొదలు నరకకుండా వదిలితే మళ్లీ చిగురు వేస్తుంది. బంతి సంగతి చెప్పనక్కర్లేదు. నాకు కావలసిన పూలూ వాళ్ల పండుగ పూలూ ఒకటే. లేచి నిలబడి, "యారాలికి ఇవ్వకండి. గౌరమ్మకు ఇవ్వండి," అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు. బతుకమ్మ మీద పెట్టుకునే పసుపు గౌరమ్మ పేరు ఎత్తాక కాదనడం ఎవరి తరం? అయినా మూరెడు దూరాన హద్దు మేకు ముందు ఎవరు పాతాలని ఇంకో పంచాయితీ. ఇద్దరి చేతా ఒకేసారి పాతించి, తాడు లాగించాను.

శ్రావణంలో మళ్లీ గింజ వేశారు. గట్టు మీద తుమ్మి ముందు పూసింది, తరవాత గునుగు తెల్లగా కంకులు వేసింది. భాద్రపదంలో ఒక పొద్దున గుమ్మడి పువ్వులోంచి ఒళ్లంతా పుప్పొడితో చిన్న ఈగ ఒకటి తూలుతూ బయటికొచ్చింది. నాకు కలిగిన సంతోషం ఇంతని చెప్పలేను. దారం కట్టకుండానే పిందెలు నిలిచాయి. దోసకాయలు నిటారుగా వచ్చాయి.

పండుగ చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాటి పొద్దున నాకు గుబులు పుట్టింది. పంట ఇంకా పూతలో ఉంది. ఇద్దరూ పోటీ పడి గట్టు మొత్తం కోసేస్తే ఈగలు మళ్లీ పోతాయి. వెళ్లేసరికి ఇద్దరూ కొడవళ్లతో దిగి ఉన్నారు. యాదమ్మ నన్ను చూసి, "సారూ, సగం పూలు ఈగలకు ఉంచాలె గద, ఆమెకు జర చెప్పుండ్రి," అంది.

నేను అటు తిరగబోయాను.

"నువ్వే చెప్పరాదు అక్కా," అంది బాలమణి. "నడుమ సారెందుకు?"

యాదమ్మ కొడవలి దించి ఆమె వైపు తిరిగింది. తరవాత, "సగం ఉంచు చెల్లె," అంది. చేయడానికి పని లేక నేను స్కూటర్ దగ్గరికి వచ్చేశాను. కళ్లు చెమర్చాయని ఒప్పుకోవడానికి ఇప్పుడు అభ్యంతరం లేదు.

ఆ దసరాకు పొలం అమ్మలేదు. వద్దనేవాళ్లు ఇద్దరయ్యారు. నాకు బదిలీ వచ్చేనాటికి రెండు చేలూ సాగులోనే ఉన్నాయి. ఆ తరవాత సంగతి నాకు తెలియదు. పూల గట్టు సిఫార్సును ఇంకా చాలా మండలాల్లో చేశాను. తేనెటీగల మేలు మాత్రమే చెప్పి ఒప్పించిన చోట ఆ గట్టు ఒక పంటకాలం కూడా నిలవలేదు. అందుకే ఏ ఊరు వెళ్లినా, కలుపు తీయమని చెప్పే ముందు గట్టు మీది మొక్కను చూపించి, ఇది మీకు దేనికి పనికొస్తుందండి అని అక్కడి ఆడవాళ్లను అడిగేవాణ్ణి. జవాబు విన్నాకే సిఫార్సు.