ఒక్క రోజు ఆరనిద్దామన్నాను

మేం ఆ శిఖరం ఎక్కలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. అయితే అటు వెళ్లాలనుకునేవాళ్లకు దారి ఎలా ఉంటుందో, మంచు ఎలా ఉంటుందో, ఏ తప్పు చేయకూడదో చెప్పడానికి నాకంటే తగినవాడు దొరకడు.

నేను వర్ధన్నపేట దగ్గర మిర్చి పండిస్తాను. నా కూతురు రజితకు ఇరవై మూడేళ్లు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టి కొండ ఎక్కడం నేర్చుకుంది. నాలుగేళ్లుగా అదే లోకం. ఆమెకు నేర్పిన హైదరాబాద్ సారు వచ్చే ఏడాది ఒక పెద్ద కొండకు జట్టును తీసుకెళ్తున్నాడు. జట్టులో ఒక్క చోటు మిగిలింది. అది దక్కాలంటే ఈ సీజన్‌లోపు ఆరు వేల మీటర్లు దాటిన శిఖరం ఒక్కటైనా ఎక్కి ఉండాలి. ఆడపిల్లను ఒంటరిగా పంపడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వు వెంట పోతెనే పంపిస్త. లేకుంటే ఇద్దరు ఇంట్లనే ఉండుండ్రి," అంది. నేను వెంట వెళ్లడమే కొంప ముంచుతుందని పాపం ఆమెకేం తెలుసు.

జూన్‌లో బయల్దేరాం. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముడైపోయి, నారు పోయడానికి ఇంకా టైమున్న రోజులు. తెల్లవారుజామున బస్సుకు వరంగల్, అక్కడి నుంచి ఆటోలో కాజీపేట. ఢిల్లీ రైలు ఎనిమిదికి వచ్చింది. ఎదురు సీట్లో రిటైరైన రైల్వే ఆయన ఒకరు, నాగ్‌పూర్‌లో కూతురింటికి పోతున్నాడు. మా సంచికి వేలాడుతున్న మంచుగొడ్డలి చూసి, "గిదేంది తమ్మీ, బాయి తవ్వ పోతాండ్రా?" అని అడిగాడు. సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "ఎక్కినంక మల్ల దిగుడే గదా. గంత దానికి అంత దూరం దేనికి," అన్నాడు. రజిత పడీపడీ నవ్వి, ఆయనకూ ఒక సర్వపిండి ముక్క పెట్టింది.

మర్నాడు పొద్దున తొమ్మిదికి ఢిల్లీ. రైలు గంటకు పైగా లేటు. సాయంత్రం ఆరుకు మనాలీ బస్సు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ముందు సీట్లు అడిగి తీసుకోండి. మనాలీలో ఒక రోజు ఆగి, పొద్దున అయిదుకు జీపెక్కితే సాయంత్రం నాలుగుకు కాజా చేరాం. స్పితి లోయలో అదే పెద్ద ఊరు. వేడినీళ్లు బకెట్‌కు ఇంతని తీసుకుంటారు. ఒంటికి ఎత్తు అలవాటు కావడానికి అక్కడ రెండు రోజులు ఊరికే ఉండాలి. మేడ మెట్లెక్కితే చాలు, నాకు ఆయాసం వచ్చేది.

మా గైడ్ పేరు తాషీ, ఆ లోయ మనిషే. మార్కెట్లో నేర్చుకున్న నా హిందీ ఆయనకు ఎలాగో అర్థమైంది. ముగ్గురం రెండు రోజులు నడిచి బేస్ క్యాంపు చేరాం. అక్కడ చెట్టు లేదు, గడ్డి లేదు, అంతా రాళ్లే. ఎదురుగా మేం ఎక్కాల్సిన కొండ. పైకి వెళ్లేది రజితా తాషీ మాత్రమే. నేను డేరాలో ఉండి వాళ్ల కోసం ఎదురుచూడాలి.

చేరిన సాయంత్రమే మంచు మొదలైంది. రెండు రోజులు ఆగలేదు. గంటకోసారి లేచి డేరా మీది మంచును లోపలి నుంచి తట్టి దులపకపోతే బట్ట మొహం మీదికి వాలిపోయేది. కొండ సంగతి సరే, పది అడుగుల అవతల ఉన్న వంట డేరా కూడా కనపడలేదు. మూడో రోజు మధ్యాహ్నం మబ్బు విడిపోయి ఎండ కాసింది. గాలి కూడా ఆగింది.

నాలుగింటికి టీ తాగుతుంటే తాషీ అన్నాడు, "ఈ రాత్రి ఒంటిగంటకు బయల్దేరదాం. రేపు కూడా బాగుండొచ్చు గానీ, నేను నమ్మను."

నేను బయటికి వెళ్లి మంచు తీసి గుప్పిట్లో పిసికాను. నీళ్లు కారాయి. మా దగ్గర వాన వెలిసిన రోజున ఎవరూ కల్లంలో కాయ ఆరబోయరు. నేల పైన ఆరినట్టే ఉంటుంది, అడుగున తేమ ఉంటుంది. తొందరపడితే కాయంతా రంగు పోయి తాలైపోతుంది. ఒక రోజు ఆరనిచ్చి పోస్తాం. నా బతుకంతా అదే పద్ధతి.

"ఒక్క రోజు ఆరనీ బిడ్డా. గింత తడిల అడుగు పెడ్తే జారుతది," అన్నాను.

"గట్ల కాదు బాపు. రాత్రికి ఈ తడి గడ్డ కడ్తది. మాకు గదే కావాలె," అంది రజిత.

నేను ఒప్పుకోలేదు. గొంతు కూడా పెంచాను. తాషీ మా ఇద్దరినీ చూసి, "తండ్రి వద్దంటే కూతుర్ని నేను తీసుకుపోను. రేపు చూద్దాం," అన్నాడు. రజిత టీ గ్లాసు కింద పెట్టి డేరాలోకి వెళ్లిపోయింది.

పొద్దున ఆరింటికి లేచి బయట అడుగు పెట్టాను. కాలు దిగబడలేదు. మంచు సిమెంటు గచ్చులా గట్టిగా ఉంది. ఎదురుగా కొండ కడిగినట్టుంది, గాలి జాడే లేదు. నేనేం చేశానో అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నానికి గాలి లేచి, శిఖరం మీంచి మంచు పొగలా ఎగరడం మొదలైంది.

అయినా ఆ రాత్రి వాళ్లిద్దరూ వెళ్లారు. మర్నాడు పదింటికి తిరిగొచ్చారు. రజిత పెదవులు పగిలి నెత్తురు కారుతోంది. "నడుం లోతు పొడి మంచు బాపు. గాలి మొత్తం తెచ్చి దారిల పోసింది. ఒక్క అడుగు ఎక్కితే రెండు అడుగులు జారుడే," అంది. నేను తాషీని పక్కకు తీసుకెళ్లి, నేను వద్దన్న రాత్రే వెళ్లి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "ఎక్కేవాళ్లం," అన్నాడు. ఆ తర్వాత మూడు రోజులు గాలి తగ్గలేదు. తిండి అయిపోవచ్చింది. దిగిపోయాం.

మీలో ఎవరైనా వెళ్తే నేను చెప్పేది ఇంతే. అక్కడ మంచి రోజు ఒక్కటే రావచ్చు. ముప్పై ఏళ్లుగా మబ్బు చూసి బతికినవాణ్ని, ఆకాశం నాకు తెలుసనుకున్నాను. అక్కడి ఆకాశం గురించి నాకు ఒక్క ముక్క తెలియదు.

తిరుగు రైల్లో బల్లార్షా దాటాక సారు ఫోన్ చేశాడు. రజిత కిటికీ పక్కన కూర్చుని మాట్లాడింది. "లేదు సార్, ఒక రోజు వాతావరణం మంచిగనే ఉండె. నాకే తలనొప్పి లేచింది. నేనే వద్దన్న," అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఆమె నా వైపు చూడలేదు. కొండ మీద ఉన్నన్ని రోజుల్లో ఆమెకు గంటసేపైనా తల నొయ్యలేదు. నా మీదికి మాట రాకుండా తన మీద వేసుకుంటోంది.

"సార్ నీతోని మాట్లాడ్తడట," అని ఫోన్ నా చేతికిచ్చింది.

"నిజమేనా అన్నా? ఈ పిల్లకు ఎత్తు పడదంటే నాకు నమ్మబుద్ధయితలేదు," అన్నాడు సారు. "గంత ఎత్తుకే తలనొప్పి అంటే పెద్ద కొండకు తీస్కపోలేను. ఇంకో ఏడు చూద్దామని కూడా అనలేను. జర ఆలోచించి చెప్పు, తలనొప్పేనా?"

నిజం చెప్పడానికి ఆ మనిషి నాకు అంత అవకాశం ఇచ్చాడు. కానీ నిజం చెబితే ఇంటి దగ్గర మా ఆవిడ అడుగుతుంది, ఊరు అడుగుతుంది, పిల్ల బతుకు చెడగొట్టింది కన్నతండ్రే అంటారు.

"ఔను సార్. బాగ లేచింది," అన్నాను.

ఆయన సరే అని ఫోన్ పెట్టేశాడు. రజిత ఫోన్ తీసుకుని సంచిలో పెట్టింది. "కాజీపేటకు ఇంకా టైముంది బాపు. జర సేపు పండుకో," అని తన శాలువా నాకు కప్పింది. నేను పడుకున్నాను, ఆమె మొహం కనపడకుండా గోడ వైపు తిరిగి.