ఫెయిలైన రోజు జిలేబీలు

మొన్న సాయంత్రం అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే జిలేబీల వాసన గుప్పుమంది. ఫలితాల కాలం కదా, మిఠాయి కొట్టు ముందు తల్లిదండ్రుల గుంపు. పాకంలోంచి తీసినవి తీసినట్టే డబ్బాల్లోకి వెళ్లిపోతున్నాయి. పైన ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు, వాటి నిండా నవ్వడం మర్చిపోయిన పాస్‌పోర్టు ఫోటోల పిల్లలు. ఒకాయన రెండు కిలోలు కట్టించుకుంటూ, కూతురి మార్కులు సబ్జెక్టులవారీగా కొట్టతనికి అప్పజెబుతున్నాడు. అతను తూకం మీంచి చూపు తిప్పకుండా "మస్తొచ్చినయ్ సార్, మస్తొచ్చినయ్" అంటున్నాడు. నేనూ వరుసలో నిలబడి పావుకిలో కొనుక్కున్నాను. మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ ఫలితాలు లేవు. లక్ష్మయ్య సార్ గుర్తొచ్చారు, అంతే.

ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఆయన మా సెక్షన్ సూపరింటెండెంట్. నేను ఆయన కింద చాలా ఏళ్లు పనిచేశాను. జనగామ వైపు మనిషి. గట్టి గొంతు. బెల్లు కొట్టి పిలవడం ఆయనకు చేతకాదు. కుర్చీలోంచే కేకేస్తే పక్క సెక్షన్‌లో వాళ్లు కూడా లేచి నిలబడేవారు. ఆయన కుర్చీ వీపుకి ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా ఒక నీలం స్వెట్టర్ వేలాడుతుండేది. ఆయన సెలవు పెట్టిన రోజు కూడా ఆ స్వెట్టర్‌ను చూసి మేమంతా పని చేసేవాళ్లం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఆయనంటే హడల్. మా గోదావరి జిల్లాలో మాట నెమ్మదిగా సాగదీసి చెబుతారు. ఆయన మామూలుగా "ఏందమ్మా శారదమ్మా" అన్నా నేనేదో తప్పు చేశాననే అనిపించేది.

ఆ హడల్ పోయింది ఒక వేసవిలో, జిలేబీల వల్ల. ఇంటర్ రెండో సంవత్సరం ఫలితాలు వచ్చిన మర్నాడు సార్ పెద్ద డబ్బా పట్టుకుని ఆఫీసుకొచ్చారు. వాళ్లబ్బాయి ప్రవీణ్ ఆ ఏడే పరీక్షలు రాశాడని అందరికీ తెలుసు. "కంగ్రాట్స్ సార్" అంటూ తలా ఒకటి తీసుకున్నాం. నేను సగం కొరికి, మర్యాద కోసం అడిగాను.

"పర్సెంటేజ్ ఎంత సార్?"

"పర్సెంటేజ్ ఏడిదమ్మా, ఫెయిలైండు."

నోట్లో జిలేబీని ఏం చేయాలో తెలియలేదు. మింగితే సంతోషించినట్టు, ఉమ్మితే అవమానించినట్టు. గది మొత్తం బుగ్గలు ఉబ్బించుకుని నిలబడిపోయింది. సార్ మాత్రం తాపీగా రెండోది తీసుకున్నారు.

"ఒక్క ఫిజిక్సే పోయింది. రెండు లెక్కలు, కెమిస్ట్రీ, ఇంగ్లిషు, సంస్కృతం, అన్నిట్ల పాసైండు. ఐదు సబ్జెక్టులకు ఒక్క జిలేబీ తినరాదు? తినుర్రి, తినుర్రి."

మేం నెమ్మదిగా నమలడం మొదలుపెట్టాం. కాసేపటికి ఆయనే మళ్లీ అన్నారు, ఈసారి గొంతు తగ్గించి. ఆయన గొంతు తగ్గుతుందని ఆ రోజే తెలిసింది. "పొద్దుగాల రిజల్ట్ సూసుకున్నడు. పొద్దుగూకేసరికి ఇంటికొచ్చిండు. మా ఎనక గల్లీల ఒక పోరడు పోయిన యేడు రిజల్ట్ సూసుకొని పోయిండు, మల్ల రాలే. మావోడు వచ్చిండు. గందుకే పంచుతున్న."

అప్పుడు నోట్లో ఉన్నది మింగాను.

ఇదంతా చూసి నేను మారిపోయానని రాస్తే బాగుంటుంది. కానీ ఆ తర్వాత కొన్నేళ్లకు మా పెద్దమ్మాయి హారిక ఇంటర్‌లోకి వచ్చేసరికి మధురానగర్‌లో నా అంత పిచ్చిది ఇంకొకతి లేదు. ఫ్రిజ్ తలుపు మీద టైంటేబుల్ అంటించాను. పిల్ల పెరుగు తీసుకోవడానికి వెళ్లినా కెమిస్ట్రీ సూత్రం కళ్లబడాలని నా పథకం. చుట్టాల పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాం. టీవీ మీద దుప్పటి కప్పాం. మా ఆయన మురళి మెత్తటి మనిషి, బ్యాంకులో ఉద్యోగం. ఆయన దగ్గు కూడా బాల్కనీలోకి వెళ్లి దగ్గేవారు.

ఎంసెట్ ఫలితాల రోజున సెలవు కావాలని చీటీ రాసి సార్ ముందు పెట్టాను.

"ఎందుకు?"

"పాప ఫలితాలు సార్. ఇంట్లో ఉండాలి కదా."

"రిజల్ట్ నీ బిడ్డదా, నీదా?"

"పాపదే సార్."

"మరి నీకెందుకు సెలవు? పిల్ల కంప్యూటర్ దిక్కు సూస్తది, నువ్వు పిల్ల మొకం దిక్కు సూస్తవు. రిజల్ట్ అది సదవకముందే నీ మొకంల సదువుకుంటది. సెలవు లేదు, పో."

ఒళ్లు మండిపోయింది. కన్నతల్లికి సెలవివ్వని మనిషి మనిషేనా అని మా ఆయనతో ఫోన్‌లో ఏడ్చాను. ఆ రోజు ఆఫీసులో కూర్చుని ఏం చేశానో నాకే తెలియదు. వెబ్‌సైట్ తెరుచుకోదు. సెక్షన్ మొత్తం ఫైళ్లు పక్కన పెట్టి, తలా ఒక కంప్యూటర్ పట్టుకుని హారిక హాల్‌టికెట్ నంబరు కొట్టడం మొదలుపెట్టారు. ఆ నంబరు నేను నిద్రలో కూడా చెప్పగలను. అదే సమయంలో ఎవరో నా ఫోన్ నంబరు అడిగితే మాత్రం గుర్తు రాలేదు. చివరికి ఫలితం తెరుచుకుంది. తెర మీద కనబడిన ఆరంకెల సంఖ్యను చూసి, "ఇది మన పిన్‌కోడ్ కదా, ర్యాంకు ఎక్కడుంది?" అని అడిగాను.

అది ర్యాంకే.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఆయన గుసగుసగా మాట్లాడారు. "గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పిలిస్తే 'ఊఁ' అంటోంది, అంతే. నువ్వు తొందరగా రా." సార్ నా ముఖం చూశారు. ముందున్న ఫైలు మూయకుండానే లేచారు. "నడువ్. నేనొస్తున్న" అన్నారు. ఆటోలో నాకు ఒకటే భయం, దారిలో ఆపి జిలేబీలు కొంటారేమోనని. "సార్, దయచేసి స్వీట్లు మాత్రం వద్దండీ" అని చేతులు జోడించాను. "సరే, సరే" అన్నారు.

ఇంటికెళ్లేసరికి మా ఆయన హారిక గది ముందు పులిహోర పళ్లెంతో ద్వారపాలకుడిలా నిలబడి ఉన్నారు. చిన్నవాడు తేజ సోఫాలో బిక్కచచ్చి కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరికి పరిగెత్తబోతే సార్ ఆపారు. ఒక్కసారి తానే తట్టి, "బిడ్డా, మీ అమ్మ వాళ్ల ఆఫీసు లక్ష్మయ్యను. మంచిగున్నవా?" అన్నారు. లోపల్నుంచి "ఊఁ" వచ్చింది. "గొళ్లెం మాత్రం తీసి పెట్టు, లోపలికి ఎవ్వలు రారు, నాది హామీ" అన్నారు. కొంచెంసేపటికి గొళ్లెం చప్పుడైంది. ఎవరూ లోపలికి వెళ్లలేదు. సార్ మమ్మల్నిద్దరినీ గదికి ఎదురుగా భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

"ఇగ మాట్లాడుర్రి."

"ఏం మాట్లాడాలి సార్?"

"ఏదన్న మాట్లాడుర్రి. ఎంసెట్ తప్ప. లోపల పిల్ల ఇంటుంటది. అమ్మానాయిన బతికే ఉన్నరని దానికి తెల్వాలె."

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతకు ముందు రెండేళ్లుగా మేం వేరే విషయం మాట్లాడుకున్నట్టు గుర్తు లేదు. మా ఆయన చాలాసేపు ఆలోచించి, "వర్షం పడేట్టుంది" అన్నారు.

"అవునండీ" అన్నాను.

ఆయన కిటికీలోంచి మబ్బు చూశారు.

"వర్షం పడితే కౌన్సెలింగ్‌కి వెళ్లడం..."

"ఆఁ!" అని సార్ బల్ల మీద చరిచారు. "మురళి సాబ్, జర సోంచాయించి మాట్లాడు. మీ లగ్గం ఎట్లయింది, అది చెప్పు."

మా ఆయన భయం భయంగా మొదలుపెట్టారు. పెళ్లిచూపులకు మా ఊరొచ్చినప్పుడు మేం పెట్టిన ఉప్మాలో ఉప్పు లేదన్నారు. ఇరవై ఏళ్లుగా ఈ నింద మోస్తున్నాను. నేనూరుకుంటానా? "ఉప్మా ఎక్కడిదండీ? మేం పెట్టింది కేసరి. కేసరిలో ఉప్పుంటుందా?" అన్నాను. కాదు ఉప్మానే, చెంచా నిలబడింది కూడా అన్నారాయన. చెంచా నిలబడిందంటే అది కేసరే అన్నాను. మాటా మాటా పెరిగింది. మా అత్తగారి ప్రస్తావన వచ్చింది. ఆ తర్వాత మా మేనమామ ప్రస్తావన కూడా వచ్చింది. ఎందుకు మాట్లాడుకుంటున్నామో మర్చిపోయి నిజంగానే పోట్లాడుకుంటున్నాం. సార్ పులిహోర పళ్లెం ముందుకు లాక్కుని తింటూ, "మల్ల?" అంటూ ఎగదోస్తున్నారు.

తలుపు తెరుచుకుంది. ఉబ్బిన కళ్లతో హారిక గుమ్మంలో నిలబడింది.

"ఉప్మా కాదు, కేసరీ కాదు. ఆ రోజు పెట్టింది బొబ్బట్లు. అమ్మమ్మ నాతో చెప్పింది. కంగారులో ఏం తిన్నారో మీ ఇద్దరికీ తెలీదట."

సార్ ముందు నవ్వారు. తేజ నవ్వాడు. మా ఆయన పక్కకి తిరిగి కళ్లు తుడుచుకున్నారు. హారిక వచ్చి కూర్చుని, "ఆకలేస్తోంది" అంది. పళ్లెంలో పులిహోర సగం సార్ తినేశారు. ఆయన మిగిలింది దాని ముందుకు తోసి, నేను కళ్లతో వద్దు వద్దని సైగ చేస్తున్నా వినకుండా, "ర్యాంకెంతొచ్చింది బిడ్డా?" అని అడిగారు. అది చెప్పింది.

"అబ్బో! అంటే నీ ముందట లక్షమంది దాక ఉన్నరు. నీ ఎనక సుత ఉన్నరు గదా? వాళ్లంత గిప్పుడు అన్నం తిన్నరో లేదో మరి. నువ్వైతే తిను."

ఆ రోజు ఆయన్ని మెట్రో దాకా దిగబెట్టడానికి వెళ్లాను. దారిలో చెప్పారు. పదో తరగతి తప్పినప్పుడు ఆయన గడ్డివాము వెనక దాక్కున్నారట. ఊరంతా తన కోసం వెతుకుతుంటుందనీ, అవ్వ నెత్తి బాదుకుంటుందనీ ఊహించుకుంటూ రాత్రంతా అక్కడే ఉండిపోయారట. "తెల్లారి ఆకలికి ఆగలేక ఇంటికి వోతే మా చిన్నాయిన బిడ్డ లగ్గం. నేను లేనన్న సంగతే ఎవలకు తెల్వదు! మా అవ్వ నన్ను సూసి, 'ఏడ వోయినవ్‌రా, బూంది అయిపోతది, జల్ది తిను' అన్నది. ఫెయిలైన్నే అవ్వా అంటే, 'అయితేంది, తిను' అన్నది." రోడ్డు మీద నిలబడి పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగాక, మెట్ల వైపు చూస్తూ, "గా లగ్గం లేకుంటే ఏమయ్యేదో తెల్వదు" అని వెళ్లిపోయారు.

తర్వాత కౌన్సెలింగ్ కోసం మాసబ్ ట్యాంక్‌లో సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాల్సి వచ్చింది. ముందు రోజు సార్ నా చేతిలో ఒక ఇలాచీ పెట్టారు. "వాళ్లు పిల్లను అడుగుతరు. నువ్వు జవాబు చెప్తవు, నాకు ఎరుకే. గందుకే గిది నోట్ల పెట్టుకొని సప్పరించుకుంట కూసో" అన్నారు. పెట్టుకున్నాను. అక్కడ బల్ల వెనక కూర్చున్నావిడ హారికను చూసి, "పేరేంటమ్మా?" అంది. "హారికండీ" అన్నాను నేను. ఇలాచీ గొంతుకు అడ్డంపడి దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేసరికి మిగిలిన ప్రశ్నలన్నిటికీ అమ్మాయే జవాబులు చెప్పేసింది. నేను నేర్పినవాటికంటే బాగానే చెప్పింది. పని అయిపోయాక నాకు మంచినీళ్ల సీసా కూడా అదే అందించింది.

చివరికి అది ఇంజనీరింగ్ వద్దంది. బీఎస్సీలో స్టాటిస్టిక్స్ తీసుకుంటానంది. నేను సార్ దగ్గర మొత్తుకున్నాను.

"స్టాటిస్టిక్స్ ఏంటి సార్? చుట్టాలకి చెబితే ఒక్కరికీ అర్థం కావడం లేదు."

"మంచిదే గదా. అర్థం కాకుంటే జల్ది ఊకుంటరు."

అలాగే జరిగింది. చుట్టాలు ఊరుకున్నారు. హారిక ఇప్పుడు పీజీ చదువుతోంది. తన చదువు గురించి నాకు అర్థమయ్యేలా చెప్పాలని అప్పుడప్పుడు ప్రయత్నిస్తుంటుంది. ప్రవీణ్ సప్లిమెంటరీలో ఫిజిక్స్ గట్టెక్కి, డిప్లొమా చేసి, లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉన్నాడు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఆగినప్పుడల్లా అతనే వస్తాడు. గొంతు అచ్చం వాళ్ల నాన్నదే. మొదటి అంతస్తులో మాట్లాడితే ఐదో అంతస్తులో వినబడుతుంది. సార్ రిటైరైన కొన్నాళ్లకే గుండె నొప్పితో వెళ్లిపోయారు. పంజాగుట్టలో వాళ్లింటికి వెళ్తే, మా ఆఫీసువాళ్లు చాలామంది పెద్దయిన పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. మా ఇంటికే వచ్చారనుకున్నాను, ఆయన అందరి ఇళ్లకూ వెళ్లారట. ఒక్కో ఇంట్లో ఒక్కోరకంగా పోట్లాట పెట్టించారట.

ఆయన నాకు ధైర్యం నేర్పారని చెబితే అబద్ధమవుతుంది. కిందటేడు తేజ ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు కూడా నా గుండె అలాగే దడదడలాడింది. సాయంత్రం వాడు తన గదిలోంచి వచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వాడికి తెలుసు. నాకింకా తెలియదు. నేను వాడి ముఖం చూడకుండా బెండకాయలు తరుగుతూ, పక్కింటివాళ్ల కొత్త కుక్క గురించి చెప్పాను. వాడు విన్నాడు. దాని పేరేంటని అడిగాడు. నేను చెప్పుకుంటూ తరుగుతూనే ఉన్నాను. ఎంత సన్నగా తరిగానో నాకే తెలియలేదు.

అందరం భోజనానికి కూర్చున్నాక మా ఆయన పళ్లెంలోకి వంగి చూసి, "ఇదేం కూర?" అని అడిగారు.

"బెండకాయ" అన్నాను.

"గోంగూర అనుకున్నా" అన్నాడు తేజ. ఇక ఆ కూర మీద వాదన మొదలైంది. మార్కుల సంగతి మజ్జిగ దాకా రాలేదు.