పెనుకొండ రోడ్డు మీద మా పికప్‌కు డోర్ వైజర్లు వేయించిన బుధవారం

మా ఆయన తన పికప్ బండిలో హిందూపురం నుంచి ధర్మవరం మగ్గాల ఇళ్లకు పట్టు దారం చేరవేస్తాడు. తెల్లవారకముందే వెళ్తే చీకటి పడ్డాకే వస్తాడు. బుధవారం సరుకు తక్కువ కాబట్టి ఆ ఒక్కరోజు నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తాడు. మా పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. ఇంట్లో అత్త ముందు, ఆడబిడ్డ ముందు ఆయనతో మాట్లాడాలంటే నాకు సిగ్గు. బండిలో అయితే మాటలు వాటంతట అవే వస్తాయి. కానీ వానలు మొదలయ్యాక అద్దాలు మూయాల్సి వచ్చింది. మూసిన బండిలో డీజిల్ వాసనకు నాకు కడుపులో తిప్పుతుంది. వరసగా రెండు బుధవారాలు సోమందేపల్లి చేరకముందే వాంతి చేసుకున్నాను. రెండోసారి ఆయన నా వీపు నిమురుతూ, "వానలు పోయేదాకా ఇంట్లోనే ఉండుమే. నిన్ను ఇట్లా చూడల్యాను" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఉన్న ఒక్క బుధవారమూ చేజారినట్టు అనిపించింది.

అప్పుడే ఒక లారీ అద్దాల పైన నల్లటి ప్లాస్టిక్ పట్టీలు చూసి అవేమిటని అడిగాను. డోర్ వైజర్లు అంటారట. తలుపుకు చిన్న చూరులా ఉంటాయి. అద్దం నాలుగు వేళ్లు దించినా వాన లోపలికి రాదు, గాలి వస్తుంది. "సరే, వేయించి చూద్దాం. అప్పటికీ తిప్పితే మాత్రం ఇంగ వస్తానని అడగద్దు" అన్నాడు ఆయన.

ఆ బుధవారం ఉదయం ఏడింటికి హిందూపురంలో బయలుదేరాం. మబ్బు పట్టింది కానీ చినుకు లేదు. సోమందేపల్లి దగ్గర పెద్ద రోడ్డు ఎక్కి, దారిలో ఉగ్గాని, బజ్జీ తిని, ఎనిమిదిన్నర దాటాక పెనుకొండ చేరాం. కొండ కింద, రోడ్డు పక్కనే సీటు కవర్లు, అద్దాల సామాను అమ్మే అంగడి ఉంది. అంగడాయన పేరు బాషా. రెండు వైజర్లకు, అతికించడానికి కలిపి నాలుగు వందల యాభై అడిగాడు. వైజర్ వెనకాల జిగురు టేపు ఉంటుంది. డ్రైవర్ వైపుది చక్కగా అతుక్కుంది. నేను కూర్చునే ఎడమ వైపుది ఒత్తిన కొద్దిసేపటికే ఊడి బాషా చేతిలోకి వచ్చింది. అంగడాయన తలుపు పైఅంచును వేలితో గీకి చూశాడు. వేలు పచ్చగా అయింది.

"ఏమప్పా, ఇది బండా, ఇంటి గడపా?"

"మాయమ్మ ప్రతి శుక్రారం నూనెలో పసుపు కలిపి పూస్తాది. లక్ష్మి ఎడమపక్క నుంచే ఎక్కుతాదంట" అన్నాడు మా ఆయన.

"లక్ష్మి ఎక్కుతాదో లేదో గానీ, ఈ నూనె మీద టేపు యాడ నిలబడుతుంది? పెట్రోలు గుడ్డతో తుడిచేస్తే సరిపోతాది."

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దన్నా. బండి కొన్న దినం నుంచి పూస్తాండాది. తుడిచేస్తే ఆయమ్మ నొచ్చుకుంటాది. ఒగపక్క అతుక్కునింది గదా, చాల్లే."

"ఒంటికన్ను బండి తోలతావా? చెల్లెమ్మ కూర్చునేది యాపక్క?"

నేను బండి వెనకాల నిలబడి ఉన్నాను. ముందుకు వచ్చి, "నేను తుడుస్తా. అత్తకు నేనే చెప్తా" అన్నాను. గొంతు బయటికి రాలేదేమో, "ఏమన్నావు తల్లీ?" అని బాషా అడిగాడు. మళ్లీ గట్టిగా చెప్పాను.

మా ఆయన నన్ను వింతగా చూశాడు. "మాయమ్మకు నువ్వు చెప్తావా? ఉప్పు యాడుందో అడగల్యాక ఇల్లంతా ఎతుక్కుంటావు."

"చెప్తా" అన్నాను.

పెట్రోలు వాసన తగలకుండా ఊపిరి బిగబట్టి తుడిచాను. పసుపు పొరలు పొరలుగా వచ్చింది. అంచు ఆరాక బాషా వైజర్ అతికించి, కాసేపు అరచేత్తో ఒత్తి పట్టుకోమని చెప్పి టీ తాగడానికి వెళ్లాడు. మా ఆయన వచ్చి నా చెయ్యి పక్కనే తన చెయ్యి పెట్టి ఒత్తాడు. రోడ్డు మీద లారీలు పోతుంటే సిగ్గేసింది. చెయ్యి మాత్రం తీయలేదు.

టేపు పట్టుకోవాలని పదకొండు దాకా అక్కడే ఆగాం. చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి ధర్మవరం వైపు తిరగగానే వాన దంచింది. భయపడుతూనే అద్దం నాలుగు వేళ్లు దించాను. తడిమట్టి వాసనతో చల్లటి గాలి ముఖానికి తగిలింది. ఒళ్లో ఒక్క చుక్క పడలేదు. "ఎట్లుండాది?" అని ఆయన మాటిమాటికీ అడిగాడు. "రోడ్డు చూసి తోలు" అన్నాను. ధర్మవరం చేరేదాకా నాకు కడుపులో తిప్పలేదు. చిన్నప్పుడు మా నాయన నన్ను సైకిల్ మీద తిప్పిన కథలన్నీ చెబుతూనే ఉన్నాను.

సాయంత్రం ఇంటి ముందు బండి ఆగగానే అత్త చూపు తలుపు మీదికే పోయింది. "పసుపు ఎవురు తుడిచింది?"

మా ఆయన నోరు తెరిచేలోపు, "నేనే అత్తా. అద్దం మూస్తే నాకు వాంతి వస్తాది. ఆయనతో పోవల్లని ఉండాది" అన్నాను. ఆడబిడ్డ కిసుక్కున నవ్వింది. అత్త అంచును వేలితో తడిమి, వాసన చూసి ముఖం చిట్లించింది.

"వాంతి వస్తాదని నాకెందుకు చెప్పల్యా? నిమ్మకాయ చేతికిచ్చి పంపేదాన్ని గదా" అంది. "శుక్రారం పసుపు యాడ పూయల్లో నువ్వే చూపీ. ఆ అంటించిందానికి తగలకుండా."

ధర్మవరం దారిలో చూడటానికి చాలానే ఉంది. మా ఆయన కొండ చూపిస్తాడు, కోట చూపిస్తాడు. నాకు మాత్రం ఆ రోజు మనసులో మిగిలింది, కావాల్సింది నోరు తెరిచి అడిగితే ఇల్లు విరిగి మీద పడదు అన్న ధైర్యం. ఇన్నాళ్లూ అత్తకు కోపం వస్తుందని నేనే అనుకుని ఊరుకున్నాను. మీరూ ఈ దారిలో వాన రోజుల్లో వెళ్లాలనుకుంటే ముందే డోర్ వైజర్లు వేయించుకోండి. మాకు వాన ఆలస్యంగా వచ్చింది కాబట్టి సరిపోయింది. మీరు ఎండ ఉన్న ఉదయం చూసుకుని, తలుపు అంచుల మీద పసుపు, నూనె ఉంటే ఇంట్లోనే శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి వెళ్లండి. అతికించాక ఒక రోజు బండి కడగొద్దు.