ఎండా గాలీ లేని వారం

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆ పరిశోధకుడు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకుంటాడు. అద్దాలు మాత్రం ఎప్పుడూ మసకే. బొగ్గు మానేసి ఎండ మీదా గాలి మీదా నడిచే రేపటి కాలంలో కరెంటు ధర ఏ పూట ఎంత పలుకుతుందో కంప్యూటర్లో తేల్చడం అతని డాక్టరేటు. ఇంట్లో పాలు ఎంతకు కొంటున్నారో తెలియదు గానీ, ముప్పై ఏళ్ల తర్వాతి సాయంత్రం కరెంటు ధర అడగండి, పైసలతో సహా చెబుతాడు. పాత వాతావరణ లెక్కల్లో ఎండా గాలీ రెండూ లేని వారం ఒకటి అతనికి శనిలా దాపురించింది. అక్కడికి రాగానే ధర ఆకాశాన్నంటేది, లెక్క తెమిలేది కాదు. చివరికి అరుదైన సంగతని ఒక ముక్క రాసి, ఆ వారాన్నే పీకి పారేశాడు. గైడు మెచ్చుకుని వీపు తట్టాడు.

వైవా రోజు పొద్దున ఇంటి నిండా తాళ్లు, తాళ్ల నిండా తడిబట్టలు. “మీ చొక్కా ఆరలేదు. వారం నుంచి ఎండ లేదు, గాలీ లేదు,” అంది భార్య.

మొహానికి తగులుతున్న తడి చీరను పక్కకు నెట్టి, కళ్లజోడు తుడుచుకున్నాడు. “అలాంటి వారం ఉండదు,” అన్నాడు.

“అయితే తొడుక్కోండి,” అందామె.

తొడుక్కునే వెళ్లాడు. డాక్టరేటు వచ్చింది. ఈసారీ గైడే వీపు తట్టాడు, తట్టిన చెయ్యి రుమాలుతో తుడుచుకున్నాడు.