తొమ్మిది వందల అడుగుల నీళ్ళు

బోర్లు వేసే ఆ మేస్త్రిని అందరూ పాతాళం అనే పిలిచేవారు. మిగతావాళ్ళు చేతులెత్తేసిన చోట ఇంకో మూడు వందల అడుగులు దించి, నీళ్ళు పడేదాకా వదలని మొండిఘటం.

తన అక్క ఉండే వీధిలో బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది తొమ్మిది వందల అడుగులు దించాడు. రాతిపొడి ఎగిరి కనుబొమ్మలు తెల్లబడ్డాయి. నీళ్ళు ఎగజిమ్మగానే వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది. "నీ కడుపు చల్లగుండ!" అని ముసలమ్మలు దీవించారు.

పదకొండేళ్ళు అందరూ ఆ నీళ్ళే తాగారు. తర్వాత అక్క కాళ్ళు వాచాయి. కిడ్నీలు దెబ్బతిన్నాయని తేల్చిన డాక్టరమ్మ, అదే వీధినుంచి మరో ముగ్గురు రావడం చూసి నీళ్ళు పరీక్షకు పంపమంది.

నీళ్ళు పట్టుకెళ్ళిన పాతాళానికి ల్యాబులో పెద్దాయన ఫలితం కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "యురేనియం. ఉండదగ్గ దానికి నాలుగింతలుంది."

"ఎవరు కలిపారండీ?"

"ఎవరూ కలపలేదు. ఆ లోతులో రాతిలోనే ఉంది. అక్కణ్ణుంచి నీళ్ళలోకి దిగుతోంది."

"పోనీ, కాచి తాగితే?"

"కాస్తే పోదు. నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది."

డాక్టరమ్మ మాత్రం, "మీ అక్కకి దీనివల్లే వచ్చిందని రాసివ్వలేను. కానీ ఇక చుక్క కూడా తాగనివ్వకండి," అంది.

రెండు రోజులు పాతాళం అక్క గడప తొక్కలేకపోయాడు. మూడోనాడు మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేశాడు.

"నువ్వేమన్నా కావాలని తెచ్చావుట్రా?" అంది అక్క. మళ్ళీ తనే, "ఎండాకాలం పిల్లల వెంటపడి మరీ తాగించాను," అని గోడవైపు తిరిగిపోయింది.

మోటారు పైకి లాగి, బోరు మూతికి ఇనపరేకు పెట్టి తనే వెల్డింగు చేశాడు. పక్కింటాయన మీదమీదకొచ్చాడు. "వేసేదీ నువ్వే, మూసేదీ నువ్వేనా? మేం గాలి తాగి బతకాలా?" పాతాళం నీళ్ళ ట్యాంకరు కోసం అర్జీ పట్టుకుని బయల్దేరాడు. ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగితేనో రోజు విడిచి రోజు ట్యాంకరు వచ్చింది.

అక్క ఎనిమిది నెలలు బతికింది. ఆమె పోయాక అతను మళ్ళీ బోరు వెయ్యలేదు.

మొన్న పైవీధిలో ఎవరో పన్నెండు వందల అడుగులకు దించారని తెలిసి పరుగున వెళ్ళాడు. "పరీక్ష చేయించి తాగండమ్మా," అని వరసలో ఉన్నవాళ్ళను బతిమాలాడు.

"అద్దంలా ఉంటే ఇంకేం పరీక్షయ్యా!" అని ఒకావిడ బిందె ముందుకు జరిపింది. అడగ్గా అడగ్గా ఒక సీసా నింపి ఇచ్చింది. అది పట్టుకుని ల్యాబుకు పోతే, ఫలితానికి పది రోజులన్నారు.

ఆ పది రోజులూ పంపు దగ్గర వరస తగ్గలేదు.