ఖాసిం మామ కొట్టంలో రెండు కుండలు

కొత్త కుండలో మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు లేచే వాసనకు మన భాషలో పేరున్నట్టు లేదు. మొన్న ఎండలు ముదిరినప్పుడు మా కోడలు శేరిగూడ రోడ్డు పక్కన ఒక కుండ కొని తెచ్చి, కడిగి, నిండా నీళ్ళు పోసి నా మంచం పక్కన పెట్టింది. మట్టి సన్నగా చప్పుడు చేస్తూ ఆ నీళ్ళను పీలుస్తుంటే, తొలకరికి తడిసిన చెలకలాంటి వాసన గదంతా కమ్ముకుంది. కోడలు సంతోషంగా నా వైపు చూసింది. నేను మాత్రం ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. ఆ వాసన నాకు చల్లదనాన్ని తేదు. ఖాసిం మామ కొట్టాన్ని, అక్కడ పక్కపక్కన నిలబెట్టిన రెండు కుండలను తెస్తుంది.

ఊహించి తారీఖు రాయడం నాకు చేతకాదు. కచ్చితంగా చెప్పగలిగింది ఇంతే: అది పోలీసు చర్యకు మూడేళ్ళ ముందటి శ్రావణం, నాకు పదేళ్ళు నిండి పదకొండు నడుస్తున్నాయి. ఇబ్రహీంపట్నంలో అప్పటికే సర్కారు బడి ఉంది కానీ అందులో చదువంతా ఉర్దూలో. మా వాడలో తెలుగు చెప్పే బడి ఒకటే. అది దూది ఏకే ఖాసిం మామ ఇంటి ముందరి రెల్లు కొట్టంలో నడిచేది. పొద్దున పూట మాకు బడి, మధ్యాహ్నం నుంచి మామకు పని. అతను దూది ఏకే విల్లు దూలానికి వేలాడుతుండేది. మేము పలకలు ముందు పెట్టుకుని ఎక్కాలు వల్లిస్తుంటే, ఏ గాలికో ఆ నారి తనంతట తాను ఝుమ్మనేది. పైకప్పు సందుల్లో ఇరుక్కున్న దూది పింజలు జుట్టు మీద, పలకల మీద, పంతులు మీసాల మీద రాలేవి. పంతులు తుమ్మితే ఎక్కం ఆగిపోయేది, మేము నవ్వేవాళ్ళం.

ఆ కొట్టంలో రెడ్ల పిల్లలు, సాలె పిల్లలు, చాకలి పిల్లలు, మాదిగ పిల్లలు, మామ చుట్టాల పిల్లలు ఒకే చాప మీద కూర్చునేవారు. ఆడపిల్లలం నలుగురం. మామ బిడ్డ ఖైరూన్, నేను ఎప్పుడూ పక్కపక్కనే. లెక్కల్లో అది నాకంటే చురుకు. నేను వేళ్ళు మడుచుకునే లోపల అది జవాబు చెప్పి, నా మోచేతిని గిల్లేది. బడి విడిచాక ఆముదపు గింజలతో వామనగుంటలు ఆడేవాళ్ళం. పీర్ల పండుగకు వాళ్ళమ్మ బీబమ్మ అత్త చేసిన మలీద, నెయ్యీ బెల్లమూ కలిసి అరచేతికి అంటుకునేది. బోనాలకు మా ఇంట్లో వండిన బెల్లపు అన్నం ఆకు దొన్నెలో ఆ ఇంటికి పోయేది. సన్నటి ముసురులో కాల్చిన మక్క కంకులు, మిరప్పొడి కలిపిన ఉప్పు, తడిసిన గొంగళ్ళ వాసన, మేకల వాసన, ఏకిన దూది వాసన అన్నీ కలిసినదే నాకు శ్రావణం.

మా నాయనమ్మ ఇల్లు దాటి ఎక్కువగా వచ్చేది కాదు. ఆమెకు ముప్పై ఏళ్ళున్నప్పుడే తాత పోయాడు. అప్పటి నుంచి ఆమె పసుపు ముట్టదు, పెండ్లి పందిట్లోకి రాదు, బోనం ఎత్తేటప్పుడు దర్వాజ వెనక నిలబడి చూస్తుంది. ఇవన్నీ ఎవరో ఆమెకు పెట్టిన కట్టుబాట్లు అని నాకు అప్పుడు తెలియదు, ఆమె తీరే అంత అనుకునేదాన్ని. వక్క కొరుకుతూ అరుగు మీద కూర్చుని, నేను బడి నుంచి రాగానే, "ఏం జెప్పిండే పంతులు? నాకూ జెప్పు" అనేది. చెబితే విని, "మా కాలంల గిట్ల కొట్టమన్న లేకపాయె" అని గొణిగేది.

ఆ ఏడు తాలూకా కచేరీ నుంచి మాట వచ్చింది. ఇలాంటి ఖాన్గీ బడులు, అంటే సర్కారువి కానివి, నడవాలంటే సర్కారు అనుమతి ఉండాలి, అనుమతి కావాలంటే బడికి ఒక పెద్ద ఉండాలి, ఆ పెద్దను పిల్లలను పంపే ఇళ్ళవాళ్ళే ఎన్నుకోవాలి. అలా నిలబడడానికి మా నాన్న ఒప్పుకున్నాడు, ఆయన్ని నేను బాపు అనేదాన్ని. ఊళ్ళో శిస్తు వసూలు చేసే మాలీపటేలు తానూ నిలబడతానన్నాడు. ఆయనకు చదువు మీద ప్రేమ లేదు, తన మాట లేకుండా ఊళ్ళో ఏదీ నడవకూడదన్న పట్టుదల ఉంది. తాను గెలిస్తే బడిని తన ఇంటి వాకిట్లోకి మారుస్తానని చెప్పాడు. ఆ వాకిట్లోకి మాదిగవాళ్ళు అడుగు పెట్టరాదు, ఆడపిల్లలను ఎవరూ పంపరు. అది అందరికీ తెలుసు. కనుక ఓటు ఇద్దరు మనుషుల మధ్య కాదు, ఆ చాప మీద ఎవరు కూర్చోవాలన్న దాని మీద.

మా వాడలో చదవను రాయను వచ్చినవాళ్ళు తక్కువ కాబట్టి, కచేరీ నుంచి వచ్చిన అధికారి గిర్దావరు ఇంటికొక ఆముదపు గింజ ఇచ్చి, కొట్టంలో రెండు కొత్త కుండలు పెట్టించాడు. సున్నం బొట్లు పెట్టిన కుండ బాపుది, ఎర్రటి జాజు పూసిన కుండ పటేలుది. నిలబడిన ఇద్దరూ లోపలికి పోరాదు. దర్వాజకు గొంగడి కట్టారు. ఒక్కొక్కరే లోపలికి పోయి, గింజ వేసి, బయటకు వచ్చి ఖాళీ చేయి చూపించాలి. గిర్దావరు పట్నం మనిషి, పెద్దమనిషే, కానీ మా ఊరి ఆనవాళ్ళు ఏవీ తెలియనివాడు.

ఇచ్చిన గింజలు నలభై మూడు. ఎవరెవరు బాపు వైపో నాయనమ్మ వేళ్ళ మీద లెక్క చెప్పింది. ముప్పై తగ్గవంది. బాపు నవ్వి, "నువ్వు లెక్కపెడితే గెలిచినట్టేనే అవ్వా" అన్నాడు. ఖాసిం మామ ఆ ముందు రోజే తన విల్లు దించి, దూది మూటలు వెనక గదిలోకి మోసి, కొట్టాన్ని పేడతో అలికించాడు.

ఓటు రోజున సన్నగా వాన పడుతూనే ఉంది. మేము పిల్లలం ఎదురింటి చూరు కింద నిలబడి చూశాం. లోపలికి పోయినవాళ్ళు అనుకున్న దానికంటే ఎక్కువసేపు ఉండటం నాకు వింతగా అనిపించింది. కొందరు బయటకు వచ్చి కళ్ళకు చేతులు అద్దుకున్నారు. సాలె రామయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. అంత మర్యాద బడికే అనుకున్నాను.

గింజలను చాప మీద పోసి లెక్కపెట్టారు. జాజు కుండలో ముప్పై ఒకటి. బాపు కుండలో పదకొండు. నేను చూరు కింద నుంచే కూడి చూశాను, నలభై రెండే వచ్చాయి. ఒక గింజ తక్కువైందని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు. బాపుకు పడినవాటిలో ఎనిమిది ఖాసిం మామ చుట్టాల ఇళ్ళవని అప్పుడే అందరికీ అర్థమైంది, ఎందుకంటే ఆ ఇళ్ళవాళ్ళే తెల్లబోయి నిలబడ్డారు. పటేలు మీసం దువ్వుకుంటూ వచ్చి, "ఏం రెడ్డీ, నీ వాడోళ్ళే నీకు ఎయ్యకపోయిరి? తురకోళ్ళ గింజలతోని బడి నడుపుదామనుకున్నవా?" అన్నాడు. ఆయన వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. మిగతావాళ్ళు నేల చూశారు.

ఆ రోజు నుంచి మా ఇల్లు మారిపోయింది. బాపు ఎవరితోనూ మాట్లాడలేదు. పటేలు గింజకింత జొన్నలు పంచాడని, వాడ అమ్ముడుపోయిందని ఆయన నమ్మకం. రామయ్య ఎదురైతే దారి మార్చుకున్నాడు. నాయనమ్మ అరుగు మీద నిలబడి, వినేవాళ్ళు ఉన్నా లేకున్నా, "నా కొడుకు నోట్ల మన్ను గొట్టిన్రు. మీ ఇండ్ల దీపం పెట్టేటోళ్ళు లేకుండ పోను" అని శాపాలు పెట్టేది. నీళ్ళకు పోయే ఆడవాళ్ళు తల వంచుకుని పోయేవారు. ఒక్కరూ తిరిగి జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్నే మేము తప్పు చేసినదానికి గుర్తు అనుకున్నాం.

వారం గడిచాక, బట్టల మూట తీసుకుపోవడానికి వచ్చిన చాకలి లచ్చవ్వ, నాయనమ్మ లోపల పడుకుని ఉందని చూసుకుని, కొంగు ముడి విప్పి ఒక ఆముదపు గింజను అరుగు మీద పెట్టింది.

"గిదేంది?" అన్నాడు బాపు.

"నా గింజనే అయ్యా. ఎయ్యలే. గిర్దావరు సాబుకు ఉత్త చెయ్యి చూపెట్టి కొంగుల ముడేసుకున్న."

"ఎందుకెయ్యలే?"

"దేంట్ల ఎయ్యాలె? ఒకటి పటేలుది. దాంట్ల ఎయ్యనీకి మనసు రాలే. ఇంకోటి పోచమ్మ బోనమాయె. బోనంల ఆముదం గింజ ఏస్తే కండ్లు పోవా?"

బాపుకు అర్థం కాలేదు. లచ్చవ్వ చేతులు తిప్పుతూ చెప్పింది: సున్నం బొట్ల కుండ మెడకు పసుపు పట్టించి ఉంది, కుంకుమ పెట్టి ఉంది, చుట్టూ వేపకొమ్మలు కట్టి ఉన్నాయి. బోనాలు పోయి అప్పటికి పది రోజులు కాలేదు. లోపలికి పోయినవాళ్ళకు అది బాపు కుండలా కనబడలేదు. అమ్మవారి బోనాన్ని సాక్షిగా నిలిపి, ఉన్న ఒక్క కుండలో గింజ వేయమంటున్నారనుకున్నారు. మొక్కారు, పక్క దాంట్లో వేశారు. ఖాసిం మామ చుట్టాలకు పసుపు ఉన్నా కుండ కుండే కనుక, సున్నం బొట్లు చూసి సరిగ్గా వేశారు. తర్వాత సంగతి తెలిసినవాళ్ళు కూడా, నాయనమ్మ శాపాలకు జడిసో, సిగ్గుపడో, నోరు తెరవలేదు.

మా ఇంట్లో ఆ పని చేయగలిగింది ఒక్కరే. "ఆ పొద్దుగాల అత్త గోర్లకు పసుపు జూసిన. అడుగుదమనుకొని ఊకున్న" అంది అమ్మ మెల్లగా. కొడుకు గెలవాలని, కొత్త కుండ ఉత్తగా ఉండరాదని, తాత పోయాక ఎన్నడూ ముట్టని పసుపును ఆ ఒక్కనాడు ముట్టింది నాయనమ్మ.

గిర్దావరు అనుమతి కాగితం మీద ముద్ర వేయడానికి మళ్ళీ రావలసి ఉంది. చెబితే ఓటు మళ్ళీ పెట్టేవాడు.

"పోయి చెప్పు. కుండ గుర్తు చెడిపోయిందని చెప్పు. మల్ల ఏపియ్యమను" అంది అమ్మ.

"ఎవరు చెడగొట్టిన్రంటే ఏమనాలె?"

అమ్మ నాయనమ్మ పడుకున్న గది వైపు చూసింది.

"ముండమోపిది పసుపు కుంకుమ ముట్టి కుండకు బాణామతి జేసిందంటడు పటేలు. నిరుడు మంచాల ఊరి దిక్కు ఒక ముసలిదాన్ని గట్లనే అని పండ్లు రాలగొట్టిన్రు. మా అవ్వను చావడికాడ నిలబెట్టాల్నా?"

"మరి పిల్లలు?" అంది అమ్మ.

బాపు ఆ గింజను చేతిలోకి తీసుకుని వాకిట్లోకి విసిరేశాడు. గిర్దావరు వచ్చిన రోజున పొద్దున్నే నాగలి కట్టుకుని చెలకకు పోయాడు.

బడి పటేలు వాకిట్లోకి పోయింది. మాదిగ పిల్లలు ఒకటి రెండు రోజులు గోడ బయట నిలబడి విని, మానేశారు. పంతులు సాయంత్రం పూట మా అరుగు మీద నాకు చదువు చెప్పి పోయేవాడు, అందుకు బాపు వడ్లు కొలిచేవాడు. ఖైరూన్‌ను కూడా పంపమని బాపే పోయి అడిగాడు. ఖాసిం మామ విల్లు నారి బిగిస్తూ తల ఎత్తకుండా, "నా కొట్టంల అందరి పిల్లలు కూసున్నరు అన్నా. ఇప్పుడు నా పిల్ల ఒకరి అరుగు మీద కూసోవాల్నా?" అన్నాడు. బాపు తిరిగి వచ్చేశాడు. నేను కొన్ని రోజులు వాళ్ళ ఇంటికి పోయాను. ఖైరూన్ దూది గింజలు తీస్తూ ఉండేది. నా మోచేతిని గిల్లేది కాదు.

నాయనమ్మ మరుసటి ఏడు పోయింది. వాడ ద్రోహం చేసిందన్న నమ్మకంతోనే పోయింది. ఆమె శవానికి రామయ్యే ముందు వరుసలో భుజం పట్టాడు. ఆ తర్వాత ఊళ్ళో రోజులు చెడిపోయాయి. రజాకార్ల భయం ఒకవైపు, పోలీసు చర్య తర్వాత సాయిబుల ఇళ్ళ మీద పడ్డ భయం మరోవైపు. "తురకోళ్ళ గింజలు" అన్న మాట మూడేళ్ళు ఊళ్ళో తిరిగి తిరిగి ముదిరింది. ఖాసిం మామ కొట్టం విప్పి, గుంజలు బండికి ఎత్తుకుని మంచాల పోయాడు.

చాలా ఏళ్ళ తర్వాత, మా ఇద్దరి తలలూ తెల్లబడ్డాక, మంచాలలో ఖైరూన్‌ను చూశాను. మా బాపు, అమ్మ, ఖైరూన్ అమ్మానాన్నలు అప్పటికి ఎవరూ లేరు. ఇంక దాచి ఎవరిని కాపాడాలని, పసుపు సంగతి మొత్తం చెప్పాను. అది వక్క నములుతూ విన్నది. నేను ఆపాక, "గిది నాకు చెప్తున్నవా?" అంది.

"నీకు తెలుసా?"

"కొట్టం తాళం మా ఇంట్లనే ఉండె గదనే. తెల్లారకముందు మీ అవ్వొచ్చి దర్వాజ కొడితే మా అమ్మనే తీసింది. పసుపు గిన్నె పట్టుకున్నది గూడ మా అమ్మనే. ముసలామె ఏడ్సుకుంట పెడుతుంటే వద్దని ఎట్లంటది? గింజలు లెక్కపెట్టిన్నాడే మా నాయినకు ఎరుకైంది. పటేలుకు తెలిస్తే మీ అవ్వను బతకనియ్యడని మా ఇంట్ల ఎవ్వలం నోరిప్పలే."

"మరి నీ చదువు?"

"పోయింది" అంది ఖైరూన్, ఎదుటి వీధిలో పోయే బస్సును చూస్తూ.

ఇప్పుడు ఆ కొట్టం ఉన్నచోట మూడంతస్తుల మేడ లేచింది, కింద సెల్‌ఫోన్ల దుకాణం. ఆ ముందరే కాలేజీ ఆడపిల్లలు బస్సు కోసం గుంపుగా నిలబడతారు. పటేలు వాకిలి లేదు, చావడి లేదు. దూది ఏకే చప్పుడు ఎట్లా ఉంటుందో చెప్పినా ఎవరికీ తెలియదు. నలభై మూడు ఇళ్ళలో ఆ రోజు గింజ పట్టుకున్న చెయ్యి ఒక్కటి కూడా మిగల్లేదు. ఖైరూన్ పోయి కూడా నాలుగేళ్ళు దాటింది. వాళ్ళ ఇంటివాళ్ళు మా ఇంటి కోసం ఏం వదులుకున్నారో మా బాపుకు తెలియకుండానే పోయింది, నాకు తెలిసినా చెప్పుకోవడానికి వాళ్ళలో ఎవరూ లేరు.