నన్ను మధ్యలోంచి జరిపిన దీదీ

దీదీ పోయారన్న కబురు మా ఇంట్లో అందరికంటే ఆఖరున నాకు తెలిసింది. ఓడలు ఆగే ఫీనిక్స్ బే జెట్టీలో ఎవరో అనుకుంటుంటే నాన్న విన్నాడు. విని అమ్మకు ఫోన్ చేశాడు. నేను పాఠాలు చెప్పి బడి నుంచి వచ్చేసరికి అమ్మ గడప మీద కూర్చుని ఉంది.

"దీదీ పోనారమ్మా. పొద్దున్న టీ తాగి పడుకున్నారట, మరి లెగలేదట. మీ నాన్న ఫోన్ సేసి సెప్పినాడు" అంది.

ఏడుపు కంటే ముందు నాకు ఆ చివరి మాటే తగిలింది. నాన్న నాకు కాదు, అమ్మకు చెప్పాడు. దీదీ ఉండి ఈ సంగతి వింటే ఎంత సంతోషించేవారో. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

దీదీ ఈ దీవుల్లోనే పుట్టిన తెలుగావిడ. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, కుటుంబాలకు కౌన్సెలింగ్ చేయడం నేర్చుకున్నారు. డిగ్నాబాద్‌లో ఒక టైలరు కొట్టు పైన ఆవిడ గది. నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, కిటికీ దగ్గర ఒక స్టీలు స్టూలు, అంతే. బల్ల ఉండేది కాదు. "బల్ల వేస్తే నేను ఆఫీసర్నైపోతా. మీరు దరఖాస్తు పెట్టడానికి వచ్చినట్టు మాట్లాడతారు" అనేవారు. ఎవరైనా ఏడుస్తుంటే ఊరుకోమని అనేవారు కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "భయ్యా, మిషన్ ఆపకు" అని టైలరుకు చెప్పేవారు. ఏడ్చే గొంతు వీధిలోకి వినపడకుండా ఉండడానికి.

మా నాన్న దీవుల మధ్య తిరిగే ఓడలో కళాసీ. అమ్మ శ్రీకాకుళం తీరం నుంచి పెళ్ళై వచ్చింది. ఇద్దరికీ చదువు లేదు. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే కాబట్టి, కరెంటు బిల్లు దగ్గర్నుంచి నాన్న సెలవు కాగితం దాకా అన్నీ నేనే చదివేదాన్ని. వాటితోపాటు ఇంకో పని కూడా నా మీద పడింది. నాకు పదేళ్ళప్పటి నుంచి అమ్మా నాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకే గదిలో, రెండు మూరల దూరంలో కూర్చుని, "మీ నాన్నకి సెప్పు" అని ఆవిడ, "మీ అమ్మనడుగు" అని ఆయన.

నేను చెప్పేదాన్ని. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని కాదు. "ఈ ఇంటికి రాకపోతే మరీ మంచిదని సెప్పు" అని అమ్మ అంటే, "నాన్నా, అమ్మ నీకోసం పులుసు ఉంచిందట" అని చెప్పేదాన్ని. ఏళ్ళ తరబడి అలా మార్చి మార్చి చెప్పి, ఇల్లు నిలబెడుతున్నానని లోలోపల గర్వపడేదాన్ని.

విశాఖపట్నంలో కాలేజీ సీటు వచ్చినప్పుడు చిక్కు వచ్చిపడింది. మూడు రోజుల ఓడ ప్రయాణం అవతల నేనుంటే ఇక్కడ వీళ్ళ మాట ఎవరు మోస్తారు? సీటు వదులుకుంటానని మా టీచరుకు చెప్పాను. ఆవిడ కారణం అడిగి, ఇంకేమీ అనకుండా నన్ను దీదీ గదికి తీసుకెళ్ళింది.

దీదీ అంతా విన్నారు. నేను మాటలు మార్చి చెప్పే సంగతి కూడా. మెచ్చుకుంటారనుకున్నాను.

"బేటీ, వాళ్ళు ఒకళ్ళ గొంతు ఒకళ్ళు విని ఎన్నేళ్ళయింది?" అన్నారు. "ఇన్నాళ్ళూ ఇద్దరూ నిన్నే వింటున్నారు. మాట మోసుకెళ్ళకు. మనిషిని తీసుకురా."

తీసుకొచ్చాను. మొదటిసారి బాగా జరగలేదు. పది నిమిషాలు కాకుండానే దీదీ వాళ్ళిద్దర్నీ చేతులు పట్టుకోమన్నారు. అమ్మ లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. మర్నాడు దీదీ మా ఇంటికే వచ్చి, పీట మీద కూర్చుని, "గల్తీ నాదే. తొందరపడ్డాను. మీ మనసు ఎక్కడుందో చూడకుండా చెయ్యి అడిగాను" అన్నారు. చదువుకున్న మనిషి మా అమ్మను క్షమాపణ అడగడం నేను అంతవరకూ చూడలేదు. అమ్మ కూడా చూడలేదేమో, టీ పెట్టి, "వచ్చేవారం వస్తాం" అంది.

ఆ వచ్చేవారం సంగతే ఈ రాతంతా.

దీదీ నాన్నతో, "మీ ఇల్లు ఎలా ఉంటుందో మాటలతో వద్దు. మనుషుల్ని నిలబెట్టి చూపించండి" అన్నారు.

నాన్న సిగ్గుపడ్డాడు. "ఇదేటి దీదీ, డ్రామానా?"

"డ్రామాయే అనుకోండి. టికెట్ లేదు."

నాన్న అమ్మను గోడవైపు తిప్పి నిలబెట్టాడు. తను గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నన్ను మధ్యలో పెట్టాడు.

"ఇప్పుడు గొడవ రోజు ఎలా ఉంటుంది?" అని దీదీ అడిగారు.

ఇద్దరూ చెరో వైపు నుంచి దగ్గరికొచ్చారు. అమ్మ భుజం ఒకవైపు, నాన్న భుజం ఇంకోవైపు నన్ను నొక్కుతున్నాయి. దీదీ అలాగే ఉంచారు. కింద మిషన్ ఆగి మళ్ళీ మొదలైంది. ఎటూ పడిపోకుండా కాళ్ళు ఎడంగా పెట్టి నిలదొక్కుకున్నాను.

నాన్న కిందికి చూసి, నా కాళ్ళు చూశాడు.

"జెట్టీ గోడకి పాత టైర్లు కడతాం గదా, దీదీ" అన్నాడు.

"ఎందుకు కడతారు?"

"ఓడ వచ్చి గోడకి కొట్టుకోకుండా. దెబ్బంతా టైరే తింటాది. ఓడకీ ఏం కాదు, గోడకీ ఏం కాదు." నా తల మీద చెయ్యి వేశాడు. "దీన్ని టైరు సేసేసినాం."

దీదీ నా మోచెయ్యి పట్టుకుని మధ్యలోంచి జరిపి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. "నీ డ్యూటీ అయిపోయింది. వీధి చూడు" అన్నారు. నా వెనక వాళ్ళిద్దరి మధ్య ఇప్పుడు ఎవరూ లేరు.

"కోపం ఒంట్లో ఎక్కడుంది?" అని దీదీ అమ్మను అడగడం వినిపించింది.

"దవడలో" అంది అమ్మ. కాసేపటికి, "దాని కింద ఇంకోటుంది. గొంతులో."

ఆ గొంతులోది అప్పుడు బయటికొచ్చింది. నాకు పదేళ్ళప్పుడు ఒక తమ్ముడు పుట్టి రెండో రోజే పోయాడు. నాన్న ఓడ అప్పుడు నికోబార్ వైపు ఉంది. సముద్రం బాగోక నాలుగో రోజుకి గానీ రాలేకపోయాడు.

"రాలేదని కాదు," అమ్మ మొదటిసారి సూటిగా నాన్నతోనే అంది. "వచ్చినావు. వచ్చి నా పక్కన కూకోలేదు. పెరట్లోకెల్లి నీళ్ళ డ్రమ్ములు కడిగినావు."

"నీ మొహం సూడ్డానికి భయమేసింది" అన్నాడు నాన్న. "నన్ను తిడతావని కాదు. నువ్వు ఏడిస్తే నానేటి సెయ్యాలో తెలీలేదు. డ్రమ్ము కడగడం తెలుసు."

"ఇక్కడ డ్రమ్ము లేదు కదా" అన్నారు దీదీ నెమ్మదిగా. "ఆవిడే ఉంది."

నేను వీధే చూస్తున్నాను, కాబట్టి తర్వాత ఏం జరిగిందో చూడలేదు. కుర్చీ ఒకటి జరిగిన చప్పుడు విన్నాను. దీదీ నా పక్కకు వచ్చి, కిటికీలోంచి, "భయ్యా, మిషన్ ఆపకు" అన్నారు.

ఒక్కరోజులో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఆ గది మెట్లు చాలాసార్లు ఎక్కాం. మధ్యలో మళ్ళీ, "మీ నాన్నకి సెప్పు" అని అమ్మ అనేది. నేను స్టూలు మీద కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. మాట మోయకుండా ఊరుకోవడం మోయడం కంటే కష్టమని అప్పుడే తెలిసింది. విశాఖపట్నం వెళ్ళే రోజున దీదీ ఇచ్చిన పని కూడా అదే: "రోజూ ఫోన్ చెయ్యి. కానీ అమ్మను అమ్మ సంగతే అడుగు, నాన్నను నాన్న సంగతే." చదువు పూర్తిచేసి వచ్చి ఈ ఊళ్ళోనే టీచరునయ్యాను. నా తరగతిలోనూ అప్పుడప్పుడు ఒక పిల్ల కనిపిస్తుంది, ఇంట్లో అందరికీ సర్దిచెప్పి అలసిపోయి వచ్చిన పిల్ల. ఆ కళ్ళు నేను గుర్తుపడతాను. అలా గుర్తుపట్టడం దీదీ ఇచ్చిందే. ఆవిడకు సరిగా కృతజ్ఞతలు చెప్పానా అంటే, లేదు. ముగ్గురం కలిసి స్వీట్లు పట్టుకెళితే, "మీ ఇద్దరూ తిన్నారా?" అని అమ్మా నాన్నల్ని అడిగి, పెట్టె తిరిగి వాళ్ళ చేతికే ఇచ్చేశారు.

ఆఖరి చూపుకు ముగ్గురం వెళ్ళాం. మర్నాడే నాన్నకు డ్యూటీ. ఎన్నడూ జెట్టీకి రాని అమ్మ ఈసారి నాతో వచ్చింది. ఓడ అప్పటికే తాళ్ళు విప్పుకుంటోంది. నాన్న డెక్ మీద ఉన్నాడు. అలకు ఓడ ఊగినప్పుడల్లా గోడకున్న టైరు నలిగి కిర్రుమంటోంది.

అమ్మ నన్ను దాటుకుని గోడ అంచుదాకా వెళ్ళింది.

"దీదీ పదో రోజుకి వచ్చేయాల" అని అరిచింది. "సెలవడుగు."

"అడిగినాను" అన్నాడు నాన్న పైనుంచి.

"వచ్చి డ్రమ్ములు కడుగుతా కూకోకు."

నాన్న నవ్వాడు. తాడు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. నేను వాళ్ళకు నాలుగడుగుల వెనక, చేతులు ఖాళీగా నిలబడ్డాను. ఓడ గోడను వదిలి మెల్లగా దూరం జరిగింది. అప్పటిదాకా నలిగి ఉన్న టైరు, నీళ్ళు కారుతూ, మళ్ళీ గుండ్రంగా అయింది.